సత్యానందం పచ్చచేతులు

ఆ ఉదయం సత్యానందం తలపెట్టిన పని ఒక్కటే. కైకలూరు వెళ్ళి ప్రేమవిందుకు బొచ్చెచేపలు మాట్లాడి రావాలి. కొల్లేటికోట చర్చి వార్షికోత్సవంలో చేపల పులుసు ఏటా ఆయన చేతిదే. ఊళ్ళో ఆయనకున్న గౌరవమంతా ఆ డేగిసాలోనే ఉంది. అది చేజారితే తనను పలకరించే దిక్కుండదని ఆయనకూ తెలుసు.

బయల్దేరబోతుంటే భార్య యేసమ్మ క్యారెట్ రసం గ్లాసు చేతిలో పెట్టింది. కట్టెల పొగకు మొగుడి కళ్ళు మండుతున్నాయని ఆవిడ బెంగ. క్యారెట్‌లో యాంటీ ఆక్సిడెంట్లుంటాయి, అవి కంటిని కాపాడతాయి అని ఫోన్‌లో ఎవరో చెప్పగా విని, ఆ మహాతల్లి నెలల తరబడి పూటకో గ్లాసు పట్టిస్తోంది.

వీధి మలుపులో సంఘపెద్ద శామ్యూల్ ఎదురై, వందనాలంటూ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. అరచేతిని వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఏవండీ, ఇంత పచ్చగా ఉన్నాయేంటండీ? కామెర్లేమో చూపించుకున్నారా?"

అంతే, కైకలూరు ప్రయాణం ఆగిపోయింది. సాయంత్రానికల్లా ఊరు ఊరంతా పరామర్శకు దిగింది. ఒకరు పరగడుపునే పసరు పోశారు. ఇంకొకరు ఉప్పూ నూనే మాన్పించారు. చేప వాసన కూడా తగలకూడదన్నారు. కొల్లేట్లో పుట్టినవాడికి అంతకన్నా శిక్ష ఏముంటుంది చెప్పండి? పథ్యానికి మంచిదని బొప్పాయి పళ్ళు తెచ్చి పోశారు, యేసమ్మ క్యారెట్ రసం రెట్టింపు చేసింది. తిన్నకొద్దీ ఆయన పచ్చబడ్డాడు. పచ్చబడ్డకొద్దీ ఇంకా తినిపించారు. పాస్టరుగారు మంచం పక్కన మోకరించి ప్రార్థిస్తుంటే తన భూస్థాపన ప్రార్థన తానే వింటున్నట్టనిపించి, సత్యానందానికి ఏడుపొచ్చింది.

అసలు దెబ్బ శామ్యూల్ కొట్టాడు, అదీ ఎంతో మెత్తగా. "ఈ ఏడు మీరు విశ్రాంతి తీసుకోండి. ఆ చేతుల్తో వండితే పిల్లలు గలవాళ్ళు భయపడతారండీ. బంగార్రాజుకి చెప్పాం."

బంగార్రాజు! నిన్నటిదాకా తన దగ్గర ఉల్లిపాయలు తరిగినవాడు. చావునైనా ఓర్చుకోగలడు గానీ, ఈ మాటకు సత్యానందం ప్రాణం చివుక్కుమంది. మర్నాడే ఏలూరు బస్సెక్కాడు.

డాక్టరు ఆయన కనురెప్పలు విప్పి చూసి, రక్తపరీక్ష చేయించి, ఏమేం తింటున్నారో అడిగి, వచ్చే నవ్వు ఆపుకున్నాడు.

"కామెర్లయితే కంట్లో తెల్లగుడ్డు పచ్చబడాలండీ. మీ కళ్ళు తెల్లగానే ఉన్నాయి. క్యారెట్లోనూ బొప్పాయిలోనూ ఉండే రంగు మీ చర్మానికి పట్టింది. అవి తగ్గిస్తే కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది."

రిపోర్టు పట్టుకుని సత్యానందం తిన్నగా శామ్యూల్ ఇంటికి వెళ్ళి, డాక్టరు చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. శామ్యూల్ రిపోర్టు చూసి, కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పాడు.

"చూశారా, పసరు ఎంత బాగా పనిచేసిందో! పథ్యం మాత్రం వదలకండి. చేతులింకా పచ్చగానే ఉన్నాయి కదండీ."

విందునాడు సత్యానందాన్ని పందిట్లో ఓ మూల కూర్చోబెట్టి, ఉప్పులేని పెరుగన్నం వడ్డించారు. పులుసు వాసన వస్తుంటే ఆయన ముద్ద కలుపుతూనే కూర్చున్నాడు. తెల్లారగట్ల నుంచీ చేపముక్కలకు పసుపు పట్టించిన బంగార్రాజు, ఎంత తోమినా రంగు వదలని చేతులతో తానే వరసలోకి వచ్చి వడ్డించాడు.

శామ్యూల్ మారు అడిగి వేయించుకున్నాడు.