తాడు విప్పని మొక్కు

తిరుత్తణి కొండ మెట్లు పొద్దున ఆరింటికి ఎక్కి, ఏడింటికల్లా దిగి, పది కొట్టేసరికి తిరువళ్లూరు తాలూకా ఆఫీసులో తన కుర్చీలో కూర్చోవాలన్నది వనజాక్షి ఆలోచన. లోకల్ ట్రైను దాన్ని మొదట్లోనే చెడగొట్టింది. ఎనిమిదిన్నరకు కొండ కింద నిలబడ్డ ఆరుగురు ఆడవాళ్లకు ఒంటి మీద ఉన్ని కోట్లు, చేతులకు తొడుగులు, నడుములన్నిటికీ కలిపి ఒకే తాడు. నెత్తిన మే నెల కత్తిరి ఎండ. చూసినవాళ్లకు వీళ్లకేదో పిచ్చి పట్టిందనిపించాలి. అలా అనిపించకపోవడమే కొంప ముంచింది.

ఆడవాళ్ల కోసం పెట్టిన పది రోజుల ఆర్కిటిక్ యాత్రలో ఈ ఆరుగురిలో నలుగురికి చోటు ఖాయమైపోయింది. మిగిలింది ఒక్క సీటు. దానికి ఇద్దరు పోటీ: వనజాక్షి, పట్టాభిరామ్ అనే ఊరి నుంచి వచ్చిన సెల్వి. మంచులో బతకడం నేర్పే ఆనంద్‌రాజ్ పాత మిలిటరీ మనిషి. మంచు దొరకని జిల్లాలో మెట్లే గతి అన్నాడు.

“మంచులో యాడ పగులుందో తెలీదు. ఒకరు పడితే తక్కినోళ్లు పట్టాల. గాలికి మాట వినబడదు, కాబట్టి నోరు తెరవగూడదు. మీ ఇద్దర్లో అని గాదు, తాడు విప్పకుండా పైకి ఎవరొస్తే వాళ్లదే సీటు!” అని చెప్పి, ఈల మెడలో వేసుకుని ముందే పైకెక్కి కూర్చున్నాడు.

వనజాక్షికి ఆ సీటు కావాలి. కిందటేడు ఇదే కత్తిరిలో ఆమె భర్త జగన్నాథన్ కనకమ్మ సత్రం కూడలిలో బస్సు కోసం నిలబడి, ఎండదెబ్బకు కూలిపోయాడు. తాగి పడ్డాడనుకుని జనం గంటసేపు పక్కనుంచే నడిచిపోయారు. అప్పట్నుంచి ఆమెకు ఎండంటే పగ. ఆ ఎండ చేరలేని చోట పది రోజులు ఊపిరి పీల్చుకుంటే చాలనుకుంది. నవ్వేవాళ్లు నవ్వుకోనీ.

ఇంతా చేసి, ఆరోజు కొండ మీది సామికి మొక్కులు తీర్చే కృత్తిక అని ఒక్కరికీ తట్టలేదు! మెట్ల నిండా కావళ్లు మోసే జనం. యాభయ్యో మెట్టు దగ్గర, వెంగల్‌లో సేద్యం చేసుకునే అలిమేలమ్మ అనే డెబ్బై ఏళ్ల మనిషి, వరుసలో ఆఖరున ఉన్న వనజాక్షిని ఆపింది.

“ఏం మొక్కమ్మా ఇది? ఇంత గట్టి మొక్కు నేనెప్పుడూ సూడలేదే!”

వనజాక్షి నోరు విప్పలేదు.

“ఓహో, మౌనమా!” అని అలిమేలమ్మ చెంపలేసుకుంది. “నా మనవరాలికి కడుపు పండాలని నేనూ మొక్కుకున్నా తల్లీ. నన్నూ కట్టేసుకో.” అవుననేదాకా ఆగకుండా వేలాడుతున్న తాడు కొసను నడుముకు బిగించేసింది.

ఇంక ఆపడం ఎవరి తరం? అలిమేలమ్మ కొంగుకు ఆమె చెల్లెలు, చెల్లెలి కొంగుకు ఎవరి తువ్వాలో, ఆ తువ్వాలుకు ఇంకెవరి చీరో. పూలమ్మే రుక్మిణమ్మ దీనికి కథ కూడా కట్టింది. “ఆరుమంది ఆడోళ్లు, కృత్తిక దినం! సామికి పాలిచ్చి పెంచిన ఆరుమంది తల్లుల మొక్కు ఇది. యేమడిగినా జరుగుతుందంట!” నూట యాభయ్యో మెట్టుకు తోక అరవైమంది అయింది. బిందెలతో పసుపునీళ్లు తెచ్చి కాళ్ల మీద పోసేవాళ్లు పోస్తున్నారు. వెనక ఎవరో కొబ్బరికాయ కొట్టడానికి ఆగితే ముందు వనజాక్షి నడుము కోసుకుపోతోంది. వదిలించుకోవాలంటే ముడి విప్పాలి, విప్పితే సీటు పోతుంది. పళ్లు బిగబట్టి అరవైమందినీ లాక్కుంటూ ఎక్కింది.

రెండు వందలు దాటాక ఆమె ముందున్న సెల్వి తూలింది. మొహం కందిపోయింది. కళ్లు తేలిపోయాయి. ఒళ్లు ఊగుతోంది గానీ చెమట చుక్క లేదు.

“సామి వచ్చిందిరో! అరోహరా!”

పూనకమనుకుని జనం కేకలు పెట్టారు. కర్పూరాలు వెలిగాయి. వరదరాజులు అనే పెద్దమనిషి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. “తాయే, నా కొడుక్కు ఉద్యోగం ఎప్పుడొస్తాది?” సెల్వి ఏదో గొణిగి, మెట్ల మీద కుప్పకూలింది. “ఐప్పసి నెలలో, దీపావళికల్లానంట!” అని ఆయనే అర్థం చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. జనమంతా దండాలు పెడుతూ నిలబడిపోయారు.

వనజాక్షికి కనకమ్మ సత్రం కూడలి గుర్తొచ్చింది. ఆరోజు నడిచిపోయిన జనం, ఈరోజు దండం పెడుతున్న జనం, ఎవరూ పడిపోయిన మనిషిని చూడలేదు. సెల్వి ఆగిపోతే సీటు తనదే కదా అని కూడా మనసులో మెదిలింది. అలా మెదిలినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“సామీ లేదు, గీమీ లేదు! ఎండదెబ్బ! చచ్చిపోతాది, తప్పుకోండి!” అని అరిచి, తన నడుముదీ సెల్వి నడుముదీ రెండు ముళ్లూ విప్పేసింది. సెల్వి కోటు పీకిపారేసి, దొరికిన బిందె లాక్కుని పసుపునీళ్లన్నీ నెత్తిన కుమ్మరించింది. వరదరాజులు చేత మండపం నీడలోకి మోయించింది.

“అయ్యయ్యో, మొక్కు నడిమధ్యలో తెగగూడదే!” అంటూ అలిమేలమ్మ ముందున్న నలుగురి వెనక వదులుగా పడ్డ తాడును అందుకుని తన నడుముకే బిగించుకుంది. ఊరేగింపు ముందుకు సాగిపోయింది.

అరగంటకు సెల్వి కళ్లు తెరిచి, “అక్కా, నీళ్లు,” అంది. వనజాక్షికి ఏడుపు ఆగలేదు. సెల్విని మండపంలో ఉన్నవాళ్లకు అప్పజెప్పి, తడిసిన చీరతోనే పైకెక్కింది.

“నువ్వు చేసింది పుణ్యమే వనజాక్షమ్మా, కానీ విప్పినావు. విప్పకుండా వచ్చింది ఈమె,” అని ఆనంద్‌రాజ్ అలిమేలమ్మ వైపు తిరిగాడు. “అవ్వా, ఆర్కిటిక్‌లో నీకో సీటుంది. వస్తావా?”

“ఆడ యే గుడుంది నాయనా?”

“గుడి లేదు. అంతా మంచే.”

“గుడే లేనికాడ నాకేం పని? నేను రాను పో,” అని ఆమె విభూతి పొట్లం కొంగున ముడేసుకుని దిగిపోయింది.

వనజాక్షి ఆనంద్‌రాజ్ ముందుకొచ్చింది. “అయితే సార్, ఆ సీటు నాకు...”

“అన్న మాట అన్నదేనమ్మా,” అన్నాడు ఆనంద్‌రాజ్, నిజంగానే బాధపడుతూ.

మరుసటేడు మార్చిలో ఆ సీటు ఖాళీగానే ఆర్కిటిక్‌కు పోయి, ఖాళీగానే తిరిగి వచ్చింది.