మధ్యలో ఎక్కే విమానం

‘తెలియదు’ అన్న మాట కనిపెట్టినవాడెవడో గాని, వాడికి బంధువులు ఉండి ఉండరు! నలుగురు బంధువులున్న మనిషి ఆ మాట ఎలా అనగలడు? అందులోనూ విమానం మావయ్య?

నీటి సరఫరా కార్యాలయంలో ఇరవై రెండేళ్లు పనిచేసి హెడ్ క్లర్కు అయిన ఆయనకు ఒక్క సంగతి బాగా వంటబట్టింది. అడిగినవాడికి జవాబు వెంటనే చెప్పెయ్యాలి. తప్పయితే సవరణ ఉత్తర్వు ఎలాగూ ఉంటుంది. తెలియదంటే మాత్రం కూర్చున్న కుర్చీకే అవమానం.

విమానం అన్న బిరుదు ఆయన అడిగి తెచ్చుకున్నది కాదు. ఎనిమిదేళ్ల కిందట పై అధికారిని తీసుకురావడానికి విమానాశ్రయానికి వెళ్లి, బయట కమ్మీల దగ్గర నాలుగు గంటలు నిలబడ్డాడు. అధికారి పెట్టెకున్న ట్యాగు ఊడి కిందపడితే జేబులో వేసుకుని, ఇంటికొచ్చి తన సంచికి కట్టాడు. చూసినవాళ్లు “ఓహో, విమానంలో వచ్చావన్నమాట!” అన్నారు. ఆయన కాదనలేదు. అంతే, ఆ రోజున ఒక్క అబద్ధమూ ఆడలేదు పాపం! మేఘాల్లో కుదుపులు, చెవుల్లో దిబ్బడ, విమానంలో అమ్మాయి తనకు రెండుసార్లు కాఫీ ఇవ్వడం, ఇవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా చేరాయి.

బుధవారం సాయంత్రం మేనకోడలు వాళ్ల అమ్మనూ, బాబాయినీ వెంటబెట్టుకుని, టికెట్ కాగితంతో వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏడాదిన్నర తిరగ్గా తిరగ్గా దూరపు ఊళ్లో ఉద్యోగం వచ్చిందామెకు. సోమవారం ఉదయం తొమ్మిదింటికల్లా చేరకపోతే జాబితాలో తర్వాతి పేరుకి ఇచ్చేస్తామని ఉత్తరంలో రాశారు. టికెట్ కూడా కంపెనీవాళ్లే పంపారు. శనివారం ఇక్కడ ఒక విమానం, మధ్యలో దిగి ఇంకో విమానం.

“మావయ్యా, ఆ మధ్య ఊళ్లోనే కదా మా కాలేజీ? శుక్రవారం నా సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి ఎలాగూ బస్సులో వెళ్తున్నాను. రాత్రికి స్నేహితురాలి ఇంట్లో ఉండి, శనివారం రెండో విమానం అక్కడే ఎక్కేస్తే సరిపోదా? మళ్లీ ఇక్కడికొచ్చి మొదటిది ఎక్కాలా?”

మావయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు. టికెట్ తిరగేశాడు. వెనకవైపు ఏమీ లేదు. దాన్నీ శ్రద్ధగా చదివాడు.

“చూడమ్మా, రెండో విమానం ఎక్కడ బయల్దేరుతుంది?”

“అక్కడే.”

“మరి అక్కడ బయల్దేరేదాన్ని ఇక్కడ ఎక్కుతారటే ఎవరైనా? కనెక్టింగ్ విమానం మధ్య ఊళ్లోనే మొదలవుతుంది. పెట్టెతో సహా వెళ్లి దర్జాగా ఎక్కెయ్!”

“నేనూ ఒకసారి అలాగే ఎక్కాను,” అన్నాడు బట్టల కొట్టు బాబాయి. ఈయన ఆ పిల్ల తండ్రికి తమ్ముడు. ఎక్కడ ఏ మాట నడుస్తున్నా అందులో తనకూ ఒక అనుభవం ఉండి తీరాలంటాడు. “మధ్యలో ఎక్కినవాళ్లకి మర్యాద ఇంకా ఎక్కువ!”

“మా తమ్ముడు చెప్పాక ఇక తిరుగేముంది!” అంది అక్క.

తిరుగు లేదు సరే, మావయ్యకు మాత్రం నిద్ర లేదు. గురువారం మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవకుండానే టికెట్లమ్మే దుకాణానికి వెళ్లాడు.

“నా స్నేహితుడొకాయన అడగమన్నాడమ్మా,” అని మొదలుపెట్టి సంగతంతా చెప్పాడు.

కౌంటర్లో అమ్మాయి తల కూడా ఎత్తలేదు. “రెండు విమానాలూ ఒకే టికెట్ అండీ. ప్రయాణం ఇక్కడే మొదలవుతుంది. మొదటిది ఎక్కకపోతే ఇక రాలేదనుకుని మిగతాది కూడా రద్దు చేసేస్తారు. మధ్యలో వెళ్లి నిలబడితే సీటుండదు.”

మావయ్య కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

“మీ స్నేహితుడు ఎప్పుడూ విమానం ఎక్కినట్టు లేరే!”

“అబ్బే, బోలెడు తిరిగినవాడు,” అని బయటపడ్డాడు.

ఆ సాయంత్రం చెప్పేద్దామనే అక్క ఇంటికి వెళ్లాడు. వెళ్లేసరికి అక్క పక్కింటామెతో, “మా తమ్ముడు లేకపోతే పిల్ల ఆరు గంటలు బస్సులో ఊరికే పోనూ రానూ నలిగిపోయేది,” అంటోంది. చెబితే ఎనిమిదేళ్ల పరువు పోతుంది, చెప్పకపోతే పిల్ల ఉద్యోగం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి! “పై విషయం ఇంకా పరిశీలనలో ఉంది,” అని మాత్రం గొణిగి వచ్చేశాడు. అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు.

శుక్రవారం పొద్దున్నే బస్టాండులో అక్కా, బాబాయీ సాగనంపుతుంటే, పిల్ల పెట్టె బస్సు పైకి ఎక్కుతుండగా మావయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నాడు.

“దించండి! పెట్టె దించండి! అమ్మడూ, చేతిసంచితో వెళ్లి, సర్టిఫికెట్లు తీసుకుని సాయంత్రానికి వెనక్కి రా. రేపు ఇక్కడే ఎక్కాలి!”

“మీరే కదా మావయ్యా అక్కడ ఎక్కమన్నారు?”

“రూల్సు మారాయి.”

“ఎప్పుడు?”

“ఇందాకే.”

“నాన్సెన్స్!” అన్నాడు బాబాయి. “ఇందాకే ఎవరు మారుస్తారయ్యా? నేను స్వయంగా ఎక్కాను. పెట్టె పైన పెట్టవయ్యా కండక్టరూ!”

“పెట్టాలా దించాలా? ఏదో ఒకటి తేల్చండి!” కండక్టర్ ఈల వేశాడు. డ్రైవర్ ఇంజను స్టార్టు చేశాడు. పిల్ల ఒక కాలు మెట్టు మీద పెట్టి మావయ్య వంక చూసింది. ఏడాదిన్నరగా ప్రతి ఉత్తరమూ ఆయన చేతే చదివించుకున్న పిల్ల. ఇప్పుడూ ఆయన ఏదంటే అదే చేసేట్టుంది.

“నాకు తెలియదే తల్లీ!” అని అరిచాడు మావయ్య. “నేను పుట్టి బుద్ధెరిగి విమానం ఎక్కలేదు! ఆ ట్యాగు మా ఆఫీసరుది! నిన్న టికెట్ల దుకాణంలో అడిగి తెలుసుకున్నాను. మొదటిది ఎక్కకపోతే రెండోదీ ఉండదు!”

బస్టాండంతా వెనక్కి తిరిగి చూసింది. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల గబగబా పెట్టె దింపించుకుంది. ఫోన్ తీసి విమానం కంపెనీని అడిగింది. మావయ్య చెప్పిందే నిజం! చేతిసంచితో బస్సెక్కి, సాయంత్రం ఆరింటికల్లా సర్టిఫికెట్లతో తిరిగొచ్చింది. ఉద్యోగానికి గండం తప్పింది.

ఆ సాయంత్రం అందరూ అక్క ఇంట్లో చేరారు. పెద్ద కుర్చీలో బాబాయి కూర్చున్నాడు. మావయ్యకు గుమ్మం పక్కన స్టూలు దొరికింది.

“నాకు మొదట్నుంచీ అనుమానమే,” అన్నాడు బాబాయి కాలు మీద కాలు వేసుకుంటూ. “తిరిగినవాడి మాట వేరు, తిరగనివాడి మాట వేరు. మరీ పిల్ల ముందు బయటపెట్టడం దేనికని ఊరుకున్నాను.”

“నిజమే మరిదీ! ఇన్నేళ్లూ నీ విలువ తెలుసుకోలేకపోయాం,” అంది అక్క. “పిల్లకి ఎత్తులో ఊపిరాడదేమోనని భయంగా ఉంది. కాస్త జాగ్రత్తలు చెప్పు.”

బాబాయి గొంతు సవరించుకున్నాడు. “కిటికీ పక్క సీటు అడుగమ్మా. విమానం పైకి లేవగానే కిటికీ కొంచెం తెరిచి పెట్టుకో. చల్లగాలి తగిలిందంటే ఏ ఇబ్బందీ ఉండదు. నేనెప్పుడూ అంతే.”

అందరూ తలలూపారు. పిల్ల చున్నీ నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది. మావయ్య స్టూలు మీంచి లేచాడు.

“ఆ కిటికీలు తెరుచుకోవు బావా! దుకాణంలో బొమ్మ చూశాను...”

అక్క చర్రున ఇటు తిరిగింది.

“నువ్వూరుకోరా! విమానం మొహం చూడనివాడివి, నీకేం తెలుసు?”