వియ్యంకుడి గోల్‌పోస్టు

తాస్‌బులాక్ నగరంలో ఇండోర్ ఫుట్‌బాల్ పోటీలు సంపూర్ణ విజయం సాధించినందువల్ల ఇకమీదట వాటిని నిర్వహించవలసిన అవసరం లేదని నగర క్రీడా విభాగం సగర్వంగా ప్రకటించింది. ఆ రోజు రొట్టెల ఫ్యాక్టరీలో పిండి కలిపే యంత్రం పక్కన నిలబడి, కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిన కారణంగా, ఇస్కాక్ ఆ ప్రకటనను ఇంకొకరి చేత చదివించుకుని విన్నాడు. మళ్లీ చదవమన్నాడు. ఆ పూట రొట్టెల్లో ఉప్పు ఎక్కువైందని ఊరంతా అనుకున్నారు.

పోటీలు మొదలుపెట్టింది కూడా ప్రభుత్వమే. ఆ ఊరి గాలి ఎలాంటిదంటే, ఆరుబయట గట్టిగా తన్నిన బంతి పక్క జిల్లా వాళ్లకు దొరుకుతుంది. అందుకని పాత ఉన్ని గోదామును బాగుచేసి, నేల నున్నగా చేసి, రెండు గోల్‌పోస్టులు బిగించి, చలికాలానికి గొట్టాల్లో వేడినీళ్లు పారించి, అకీమ్ గారు రిబ్బను కత్తిరించారు. నగర పాలనంతా ఆయన చేతిలో ఉండేది కనుక కత్తెర కూడా ఆయన చేతిలోనే ఉండేది. "గాలి మన శత్రువు కాదు, మన చిరకాల మిత్రుడు," అని ఆయన ఉపన్యసించారు. "అయితే మిత్రుణ్ణి బయటే కూర్చోబెట్టి మనం లోపల ఆడుకుంటాం." చప్పట్లు చాలాసేపు మోగాయి. లోపల వెచ్చగా ఉండటంతో ఎవరికీ ఉపన్యాసం ముగియాలన్న తొందర లేదు.

ప్రతి సంస్థా ఒక జట్టును తయారుచేసింది. రొట్టెల ఫ్యాక్టరీ, రైల్వే డిపో, నీటిసరఫరా, ఉపాధ్యాయ కళాశాల, పశువుల ఆస్పత్రి. అకీమ్ గారి కార్యాలయానికి ఒక జట్టు లేకపోతే బాగుండదని దానికీ ఒకటి పెట్టారు. ఆ రోజుల గురించి చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. మొదటి ఏడాదే అకీమ్ గారి కార్యాలయం నీటిసరఫరా వాళ్ల చేతిలో చిత్తుగా ఓడింది. మర్నాడు నీటిసరఫరా వాళ్ల ఉద్యోగాలు ఉన్నచోటే ఉన్నాయి. ఎవరినీ బదిలీ చెయ్యలేదు. బాగా ఆడినవాడు గెలిచాడు, బాగా ఆడనివాడు ఓడి ఇంటికెళ్లి టీ తాగాడు. ఇటువంటి అవాంఛనీయ సంఘటన నగర చరిత్రలో అంతకుముందు జరిగిన దాఖలా లేదు.

ఇస్కాక్‌కు ఆ గోదాము ప్రాణం. పిండి విభాగానికి పెద్ద, రొట్టెల జట్టుకు శిక్షకుడు. ఊళ్లో ఆయన మేనల్లుడికి కాలేజీ సీటు ఎలా వచ్చిందో, ఆయన ఇంటికి గ్యాసు గొట్టం ఎవరి సిఫారసుతో పడిందో అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. అడగకుండా, ఎవరి చేతులూ పట్టుకోకుండా, తన సొంత తెలివితో జీవితంలో ఒక్కటంటే ఒక్కటి సంపాదించాలని ఆయన కోరిక. ఆ ఒక్కటీ నగర కప్పు. రిటైరయ్యేలోగా దాన్ని గెలవాలి. కానీ ప్రతి ఏడూ ఫైనల్లో రైల్వే డిపో అడ్డుపడేది. డిపో గోల్‌కీపరు దూమన్ చేతుల్లో బంతి పడిందంటే పిండిముద్ద పడ్డట్టే, ఇక జారేది లేదు. దూమన్ తండ్రి ఒరిన్‌బాయే డిపో శిక్షకుడు. ప్రతి ఫైనల్ అయ్యాకా ఆయన ఇస్కాక్ దగ్గరికొచ్చి, "రొట్టెలు మాత్రం బాగా చేస్తావయ్యా," అని మెచ్చుకుని వెళ్లేవాడు.

ఆట పతనానికి కారణం పిల్లల పెళ్లిళ్లని క్రీడా విభాగం తన నివేదికలో ఎక్కడా రాయలేదు. చలికాలంలో ఊళ్లో ఖర్చు లేకుండా వెచ్చగా కూర్చోగల చోటు అదొక్కటే. ఆడపిల్లలంతా అక్కడే కూర్చున్నారు. ఆడే కుర్రాళ్లంతా నిక్కర్లలో అక్కడే పరిగెత్తారు. మిగతాది ఎలా జరగాలో అలాగే జరిగింది. నీటిసరఫరా ఫార్వర్డు ఉపాధ్యాయ కళాశాల కెప్టెన్ చెల్లెల్ని చేసుకున్నాడు. పశువుల ఆస్పత్రి గోల్‌కీపరు అకీమ్ గారి కార్యాలయంలోకి అల్లుడయ్యాడు. వియ్యాలవారంటే అక్కడ మామూలు విషయం కాదు. వియ్యంకుడు గుమ్మంలోకొస్తే గొర్రెను కోయాలి, తలకాయ ఆయన ముందు పెట్టాలి, కోటు కప్పాలి, పైచోట కూర్చోబెట్టాలి. అటువంటివాడి గోల్‌పోస్టులోకి బంతి కొట్టడమంటే నలుగురిలో ఆయన టోపీ లాగినట్టే.

ఒక సెమీఫైనల్లో నీటిసరఫరా ఫార్వర్డు అందరినీ దాటుకుని గోల్ ముందుకొచ్చాడు. చూస్తే గోల్‌లో భార్య మేనమామ. బంతిని కాలి కింద ఆపి, రెండు చేతులా నమస్కరించి, "బాగున్నారా మావయ్యా? గొర్రెలు బాగున్నాయా? అత్తయ్య మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని కుశలమడిగాడు. మేనమామ అన్నీ వివరంగా చెప్పాడు. మోకాళ్ల దగ్గర కొంచెం ఆలస్యమైంది. ఇది ఏ తప్పు కిందికి వస్తుందో తెలియక రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఆయనకూ ఆ అత్తయ్య దూరపు చుట్టమే, మోకాళ్ల సంగతి ఆయనా తెలుసుకోవాలనుకున్నాడు.

అప్పుడు క్రీడా విభాగం దృఢమైన చర్య తీసుకుంది. జట్ల మధ్య ఆటగాళ్లను మార్చింది. దాంతో అంతవరకూ బంధుత్వం లేని జట్లకు కూడా బంధుత్వం ఏర్పడింది. తర్వాత, బొత్తిగా పరాయివాళ్లయితే మేలని, రెండు రోజుల రైలు ప్రయాణం దూరం నుంచి ఒక జట్టును పిలిపించారు. స్టేషన్లోనే టీ ఇచ్చి, మీది ఏ తెగ, మీ ఏడో తాత ఎవరు అని మర్యాదగా అడిగారు. ఐదో తాత దగ్గరే చుట్టరికం బయటపడింది. గుర్రాన్ని కోశారు. వచ్చినవాళ్లు వారం రోజులు తిని, పాడి, ఏడ్చి, కావలించుకుని వెళ్లిపోయారు. బంతి సంచిలోంచి బయటికి రాలేదు. పర్యటన ఆశించిన ఫలితాలకు మించి విజయవంతమైందని పత్రికలో వచ్చింది.

చివరికి ఒకరితో ఒకరికి ఏ చుట్టరికమూ లేని జట్లు రెండే మిగిలాయి. రొట్టెల ఫ్యాక్టరీ, రైల్వే డిపో. మంచి ఆట చూడాలంటే ఊరికి వాళ్లిద్దరే దిక్కు. తన కుర్రాళ్లెవరూ డిపో వాళ్ల పిల్లల వైపు తలెత్తి చూడకూడదని ఇస్కాక్ గట్టిగా ఆజ్ఞాపించాడు. కుర్రాళ్లు చూడలేదు. చూసింది ఆయన కూతురు రౌషన్.

"దూమనా!" ఇస్కాక్ టీ గిన్నె కింద పెట్టేశాడు. "ఏటా నా కప్పు పట్టుకుపోతున్నాడు. ఇప్పుడు పిల్లని కూడా పట్టుకుపోతాడా?"

"కప్పు వాడు పట్టుకుపోలేదు నాన్నా," అంది రౌషన్. "నువ్వే గెలవలేదు."

"చూశావుటే, ఇంకా గడప దాటలేదు, అప్పుడే డిపో మాటలు!"

"ఏవండీ," అంది భార్య బీబిగుల్, "ఊళ్లో గోల్‌కీపర్లందరికీ పెళ్లిళ్లయిపోయాయి. మిగిలింది వీడొక్కడే. తాగడు, ఉద్యోగం ఉంది, చేతికొచ్చింది జారనివ్వడని మీరే అంటారు. ఇంకేం కావాలి?"

ఇస్కాక్‌కు కుర్రాడి మీద కోపం లేదు. నిజానికి ఊరు మొత్తం మీద ఆయన మనసులో గౌరవించింది ఆ కుర్రాణ్ణే. తను కొట్టించిన ప్రతి బంతినీ నిజాయితీగా ఆపినవాడు వాడొక్కడే. అటువంటివాణ్ణి ఒక్కసారి నిజాయితీగా ఓడించి, ఆ తర్వాత అల్లుణ్ణి చేసుకుంటే ఎంత బాగుంటుంది! అందుకని ఒక షరతు పెట్టాడు. పెళ్లికి ఒప్పుకుంటాను, కానీ కాలేయం మాత్రం ఫైనల్ అయ్యాకే తింటాను.

ఇరువైపుల పెద్దలూ గొర్రె కాలేయాన్ని తోక కొవ్వుతో కలిపి ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటేనే అక్కడ సంబంధం ఖాయమైనట్టు. మింగాక దేవుడు దిగివచ్చినా వెనక్కి పోయేది లేదు. మింగనంత వరకూ ఎవరికి ఎవరూ ఏమీ కారు. ఒరిన్‌బాయ్ సరేనన్నాడు. "అలాగే కానీవయ్యా. ఏం తిన్నా ఓడిపోయేవాడివే, ఖాళీ కడుపుతో ఓడిపో," అన్నాడు.

ఫైనల్ రోజున గోదాములో చీమ దూరే సందు లేదు. ఇస్కాక్ కుర్రాళ్లు ఆకలిగొన్నవాళ్లలా ఆడారు. దూమన్ ప్రాణం పెట్టి ఆపాడు. ఆపలేనివి రెండు లోపలికి పోయాయి. అటునుంచి ఒకటి వచ్చింది. మొదటి సగం ముగిసేసరికి, పోటీలు పెట్టిన తర్వాత మొట్టమొదటిసారి, రొట్టెలు రెండు, డిపో ఒకటి. నా ఆట, నా గోల్స్, ఎవరూ ఇచ్చినవి కావు అనుకున్నాడు ఇస్కాక్. ఆయనకు అంత సంతోషం పెళ్లి రోజున కూడా కలగలేదు.

విరామంలో బీబిగుల్ ఒక పళ్లెం మీద బట్ట కప్పి తెచ్చింది. వెనక ఒరిన్‌బాయ్. ఓడిపోతున్నవాడికి వియ్యంకుడి మీద ప్రేమ పొంగడం సహజం.

"బావగారూ," అన్నాడు ఒరిన్‌బాయ్. ఆ పిలుపు వినగానే ఇస్కాక్ పళ్లు బిగించాడు.

"చల్లారితే కొవ్వు గడ్డకడుతుందండీ," అంది బీబిగుల్. "నేను మాత్రం మళ్లీ వండను. పిల్ల ఎన్నాళ్లని కూర్చుంటుంది?"

ఇస్కాక్ నోరు తెరవలేదు. మాట్లాడాలంటే నోరు తెరవాలి కనుక మాట్లాడలేదు కూడా. రెండో సగంలో ఎవరెవరు ఎక్కడ నిలబడాలో కుర్రాళ్లకు చేతులతోనే చూపించాడు. పళ్లెం అటు వస్తే ఆయన ఇటు, ఇటు వస్తే అటు. ఒరిన్‌బాయ్ కాసేపు చూసి, ముక్క వేళ్ల మధ్య పట్టుకుని, ప్రేక్షకుల వైపు తిరిగి నిట్టూర్చాడు.

"అయినా మీ రెండో గోల్ ఆఫ్‌సైడే లెండి బావగారూ. పెద్దమనసుతో ఊరుకున్నాం."

ఇండోర్ ఆటలో ఆఫ్‌సైడ్ అనేది లేదు. అది ఊళ్లో పాలబుగ్గల పిల్లలకీ తెలుసు. ఎంత పరువైన మనిషైనా ఎంతవరకని భరిస్తాడు?

"ఇండోర్లో ఆఫ్‌సై..." అన్నాడు ఇస్కాక్.

అంతే. ముక్క గొంతులో ఉంది. వెనకనుంచి బీబిగుల్ ఆప్యాయంగా వీపు తట్టింది. మింగేశాడు. గోదాము దద్దరిల్లింది. ముసలివాళ్లు అరచేతులు ఎత్తి దీవించారు.

రెండో సగం వియ్యాలవారి మధ్య జరిగింది. అక్కడ పిల్లనిచ్చేవాళ్లదే పైచేయి గనక డిపో జట్టు తొలి మర్యాదగా తన గోల్‌లో తనే ఒక బంతి వేసుకుంది. మర్యాదకు మర్యాద చెయ్యకపోతే ఊళ్లో తలెత్తుకోలేరు గనక రొట్టెల జట్టు తన గోల్‌లో రెండు వేసుకుంది. పెళ్లికూతురి వాళ్ల ముందు తక్కువ కాకూడదని డిపో వాళ్లు మరో మూడు, దానికి బదులుగా రొట్టెల వాళ్లు మరో రెండు.

"ఆడండ్రా!" గొంతు చించుకున్నాడు ఇస్కాక్. "వాడింకా నాకు అల్లుడు కాలేదురా! కొట్టండ్రా వాడి మీద!"

"కాలేయం మింగారు కద సార్," అన్నాడు ఆయన కెప్టెన్ బాధగా. "అల్లుడి మీద కొట్టమంటారేంటి, మేమేం మనుషులం కామా?"

చివరికి రొట్టెల ఫ్యాక్టరీ ఒక గోల్ తేడాతో గెలిచింది. ఆ సగంలో పడిన ప్రతి గోల్‌నూ పోగొట్టుకున్నవాళ్లే కొట్టారు. ఆటలోంచి శత్రుత్వాన్ని సమూలంగా నిర్మూలించిన ఘనత మన నగరానిదేనని, గెలుపూ ఓటమీ అనే పాతకాలపు భేదాలు ఇక మనకు అక్కర్లేదని అకీమ్ గారు ఉద్వేగంగా ప్రకటించి, కప్పును ఇస్కాక్ చేతికిచ్చి, కోటు కప్పారు. ఇస్కాక్ కప్పును పట్టుకుని అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. పత్రిక వాళ్లు ఆనందబాష్పాలని రాశారు.

పోటీలు ఇక అవసరం లేదన్న ప్రకటన వెలువడ్డాక గోదామును విందులకు అద్దెకివ్వడం మొదలుపెట్టారు. మొదటి విందు రౌషన్ పెళ్లిదే. గోల్‌పోస్టు ఒకటి ఇంకా విప్పలేదు, దానికి పూలదండలు చుట్టారు. మాంసంతో వండిన బెష్‌బర్మాక్ వడ్డనలయ్యాక ఇస్కాక్ ఎక్కడినుంచో ఒక బంతి తెచ్చి, కొత్త అల్లుడి చెయ్యి పట్టుకుని ఆ పోస్టు దగ్గరికి లాక్కుపోయాడు.

"ఒక్క బంతి కొడతాను బాబూ. ఆపు. నిజంగా ఆపు. మునుపటిలా. నీ పుణ్యముంటుంది."

"అలాగే మావయ్యా," అన్నాడు దూమన్, కోటు సర్దుకుంటూ.

బల్లల దగ్గరున్నవాళ్లంతా ఇటు తిరిగారు. ఇస్కాక్ వెనక్కి నడిచి, ఊపిరి పీల్చుకుని, ఉన్న బలమంతా పెట్టి తన్నాడు. బంతి పోస్టుకు బారెడు దూరంలోంచి బయటికి పోయి గోడకు తగిలింది. దూమన్ పరిగెత్తి వెళ్లి బంతిని రెండు చేతుల్తో భద్రంగా పట్టుకుని, తెచ్చి, వంగి, తన వెనకున్న వలలో మెల్లిగా పెట్టాడు.

"గోల్, మావయ్యా!"

"గోల్!" అన్నారు వియ్యాలవారు. "గోల్!" అన్నారు అకీమ్ గారు. రిఫరీ ఆరోజు విందుకే వచ్చినా అలవాటు కొద్దీ ఈల వేశాడు.

"కాదు," అన్నాడు ఇస్కాక్. "బయటికి పోయింది. మీరంతా చూశారు. బయటికి పోయింది!" ఆయన గొంతు చప్పట్లలో ఎవరికీ వినిపించలేదు. నలుగురొచ్చి ఆయన్ని ఎత్తుకుని పైచోట కూర్చోబెట్టి, గొర్రె తలకాయ ముందు పెట్టారు.

ఆ హాల్లో నగరమంతా ఉంది. న్యాయమూర్తులు, పరీక్షలు దిద్దే మాస్టార్లు, టెండర్లు తెరిచే అధికారులు, పత్రిక వాళ్లు. బంతి బయటికి పోవడం వాళ్లందరూ చూశారు. మీరూ ఆ రోజు పెళ్లికి వచ్చారు కదూ? ఏ బల్ల దగ్గర కూర్చున్నారో సరిగ్గా గుర్తులేదు గానీ, చప్పట్లు మాత్రం గట్టిగానే కొట్టారు.