అంటించామంటే అంతే!

ఆ వీధిలో జిగురాయనంటే తెలియనివారు లేరు. చెక్కకు, గాజుకు, తోలుకు, పింగాణీకి ఏ బంక పనికొస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. తన బంకల షాపు బోర్డు మీద తన పేరు కంటే పెద్ద అక్షరాలతో ‘అంటించామంటే అంతే!’ అని రాయించుకున్నాడు. అలాంటి మనిషి జబ్బకు అంటించిన షుగర్ సెన్సర్ మాత్రం అప్పటికే రెండుసార్లు ఊడిపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ గెలిచి సొంత జబ్బ దగ్గర ఓడిపోయాడు.

చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద బిళ్ల అది. జబ్బ వెనక కూర్చుని ఒంట్లో చక్కెర ఎంతుందో ఎప్పటికప్పుడు ఫోన్‌కు చేరవేస్తుంది. ఆయన ఫోన్‌కే కాదు, అక్కణ్ణుంచి ఆయన భార్య ఫోన్‌కు కూడా. రెండు వారాల అంకెలు చూశాక మాత్రలతో సరిపెట్టాలో, ఇన్సులిన్ సూదులు మొదలుపెట్టాలో చెబుతానన్నాడు డాక్టరు. సూది పేరు చెబితే చాలు, జిగురాయన ఉన్నచోటు నుంచి ఊడి పారిపోతాడు.

అందుకే ఆ రోజు ఉదయం అంతా పద్ధతిగా జరగాలనుకున్నారు.

“ముందు స్పిరిట్‌తో తుడవాలి. పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తర్వాతే అంటించాలి. పైన ఈ పట్టీ వెయ్యాలి,” అంది భార్య, డబ్బాలో ఉన్న కాగితం చూసి.

“అంటించడం నాకు నేర్పుతున్నావా? ముప్ఫయ్యేళ్లుగా ఊరందరికీ అంటిస్తున్నా!”

స్నానం చేసి, ఒంటికి నిగనిగలాడేలా క్రీము రాసుకుని, ఆ జారుడు మీదే సెన్సర్ నొక్కేసి బయల్దేరాడు. ఎందుకైనా మంచిదని ఆవిడ మిగిలిన ఒకే ఒక్క సెన్సర్‌నూ, స్పిరిట్‌నూ, పట్టీనీ ఆయన సంచిలో పెట్టింది. కాపురం చేసిన మనిషి కదా.

షాపు షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరగానే జబ్బ దగ్గర చురుక్కుమంది. జబ్బ మీద నిలవనన్న సెన్సర్ షట్టరు అంచుకు మాత్రం చక్కగా అతుక్కుని వేలాడుతోంది.

“తప్పు సెన్సర్‌ది కాదు బావా, నీ జబ్బది,” అన్నాడు వెనకే వచ్చిన బావమరిది. భార్యకు తమ్ముడు, షాపులో అమ్మకాలు చూస్తాడు. గాలికి ఎగిరిపోయేలా సన్నగా ఉంటాడు. ఆ సన్నదనమే అర్హతగా బావకు రోజూ ఆరోగ్యసూత్రాలు చెబుతాడు. “అదే నా చేతికి అంటిస్తే జన్మలో ఊడదు.”

“ఏదీ, పెట్టు చూద్దాం!” అన్నాడు జిగురాయన రోషంగా. రోషం చల్లారకముందే బుర్ర పనిచేసింది. వీడి ఒంట్లో చక్కెర లేదు, వీడి చేతి నుంచి సెన్సర్ ఊడదు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. ఇంట్లో ఆవిడకు శాంతి, డాక్టరుకు ముచ్చటైన అంకెలు, తనకు సూది తప్పుతుంది.

బావమరిది పంతానికి పోయి, సంచిలోని కొత్త సెన్సర్ తీసి, డబ్బాలోని కాగితంలో రాసినట్టే చేశాడు. తుడిచాడు, ఆరబెట్టాడు, అంటించాడు, పైన పట్టీ వేసి నలువైపులా నొక్కాడు. జిగురాయన తన ఫోన్‌కు దాన్ని కలిపాడు. గెలుపు సంబరంలో బావమరిది నాలుగు చెంచాల చక్కెర వేసుకుని టీ తాగాడు.

“నాలాంటి ఒంటికి చక్కెర ఏం చేస్తుంది బావా? వచ్చిన దారినే పోతుంది.”

కాసేపటికి ఫోన్ మోగింది.

“ఏమండీ, ఏం తిన్నారు?”

“ఏమీ తినలేదే!”

“రెండొందల ఎనభై చూపిస్తోంది. గాలి పీల్చారా?”

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని. నోరు విప్పితే మోసం బయటపడుతుంది, విప్పకపోతే తిండిపోతు అనిపించుకోవాలి. రెండోదే నయమనుకుని, ఒక బిస్కెట్ తిన్నానని తినని బిస్కెట్‌ను ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం ఇంటి నుంచి డబ్బాలొచ్చాయి. ఆయనకు ఉడికించిన కూరగాయలు, తమ్ముడికి రెండు రకాల మిఠాయిలతో నిండు భోజనం. తమ్ముడు చేయి కడుక్కున్న కాసేపటికి మళ్లీ ఫోన్.

“మూడొందల ఇరవయ్యా? కూరగాయలకు మూడొందల ఇరవయ్యా? అక్కడే ఉండండి, వస్తున్నా!”

“ఒరేయ్, పీకెయ్ దాన్ని!” అన్నాడు జిగురాయన.

“ఫోన్ కట్టేస్తే పోలా?”

“కట్టేస్తే మీ అక్క అంబులెన్స్ వేసుకునొస్తుంది. పీకు!”

బావమరిది పీకాడు. రాలేదు. బావ పీకాడు. అరుపు వచ్చింది, సెన్సర్ రాలేదు. సబ్బునీళ్లు పూశారు, నూనె పూశారు. షట్టరు కింద వంగి నడవమన్నాడు బావ, వాడు నడిచాడు. చేతి వెంట్రుకలు ఊడుతున్నాయి గానీ పట్టీ అంచు కూడా లేవలేదు. నిన్నటిదాకా ఊడకూడదని దేవుడికి మొక్కినవాడు ఇప్పుడు ఊడాలని మొక్కుతున్నాడు. దేవుడు మొదటి మొక్కునే ఆలస్యంగా తీర్చినట్టున్నాడు.

ఆవిడ వచ్చేసరికి భర్త కౌంటరుకు కాలు తన్నిపెట్టి తమ్ముడి చేయి లాగుతున్నాడు. ఆవిడ తన సంచిలోంచి వేలిరక్తంతో చక్కెర చూసే మిషన్ తీసి ముందు భర్త వేలు పొడిచింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నూట ముప్ఫై ఎనిమిది.

“మరి ఫోన్‌లో ఉన్న మూడొందలు ఎవరివి?”

ముగ్గురూ ఆ సన్నటి చేతి వైపే చూశారు. ఆవిడ తమ్ముడి వేలు కూడా పొడిచింది. మిషన్ కూడా ఇంచుమించు అదే అంకె చెప్పింది.

“కూర్చోరా నాన్నా,” అంది. గొంతులో కోపం లేదు.

జిగురాయనకు నవ్వు రావాలి. ఇన్నాళ్ల ఉపన్యాసాలకు బాకీ తీరింది కదా. కానీ రాలేదు. వాడి మొహం చూస్తే నిజంగానే భయం వేసింది.

“ఏం కాదురా. నేను లేనూ?” అంటూ ఇప్పటిదాకా లాగిన చేతినే గట్టిగా పట్టుకున్నాడు.

సాయంత్రం ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. బావగారికి గట్టిగా చీవాట్లు పడ్డాయి. బావమరిది జబ్బు తొందరగానే బయటపడిందని, అది అదృష్టమని చెప్పి, “ఇంత బాగా అంటుకున్నదాన్ని తియ్యకండి,” అన్నాడు డాక్టరు. జిగురాయనకు కొత్త సెన్సర్ ఇస్తే, ఈసారి బావమరిదే తుడిచి, ఆరబెట్టి, పట్టీ వేసి అంటించాడు. రెండు వారాలు కదల్లేదు. ఆయనకు మాత్రలు సరిపోతాయన్నారు. ఇంటి నుంచి ఇప్పుడు ఉడికించిన కూరగాయల డబ్బాలు రెండొస్తున్నాయి.

భార్య ఆజ్ఞ ప్రకారం షాపు బోర్డు మీద ‘అంటించామంటే అంతే!’ కింద ‘చర్మానికి తప్ప’ అని చిన్న కాగితం వెలిసింది. షాపులోకెల్లా మేలురకం బంకతో జిగురాయనే స్వయంగా అంటించాడు.

మూడో రోజుకు ఊడిపోయింది.