మా కాలనీ సూర్యుడి కంటే ఎత్తు

జవాబు లేని ప్రశ్నకు కూడా జవాబిచ్చే సాఫ్ట్‌వేర్ కంటే గొప్ప వరం ఈ శతాబ్దంలో మనిషికి దొరకలేదు. కాదన్నవాళ్లు ఎల్‌బీ నగర్‌లో మా కాలనీకి రండి. వచ్చేటప్పుడు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకోండి.

'తెలియదు' అనే మాట ఎంత అమంగళం! దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ మెట్లైనా ఎక్కి, మా అమ్మాయికి ఉద్యోగం వస్తుందా అని అడగండి. తెలియదన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఏ కంపెనీలో వస్తుందో కూడా చెప్పేస్తారు. ఇన్నాళ్లూ లెక్కల శాస్త్రం ఒక్కటే మొండికేసింది. ఇచ్చిన వివరాలు చాలవు, జవాబు చెప్పను అనేది. ఆ పొగరు మా కాలనీలో అణిగింది.

మాది ఇరవై నాలుగు ఇళ్ల కాలనీ. గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చే ఒకే వీధి. వాన నీరు మెయిన్ రోడ్డు కాలువలోకి పోయేలా పైపు వేయాలనుకున్నాం. ఆ పైపు అవసరం అందరికంటే ఎక్కువ అండాలమ్మకు. పదిహేడో నంబరు ఇంటి కింద షట్టర్‌లో ఆమె కిరాయికి పిండిగిర్ని నడుపుతుంది. వాన పడితే నీళ్లు గిర్ని గడప దాకా వస్తాయి. ఇంకో జానెడు పెరిగితే మోటారు మునుగుతుంది. ఆ మోటారు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

కొలతలకు నగేశ్‌ను పిలిచాం. సివిల్ ఇంజినీరు, ఆపైన దిల్‌సుఖ్‌నగర్‌లో తొంభై రోజుల సాఫ్ట్‌వేర్ కోర్సు. ఒక్కో గేటు పక్క గేటు కంటే ఎంత ఎత్తో, ఎంత పల్లమో చుట్టూ తిరిగి కొలిచాడు. కనుక్కోవలసిన ఎత్తులు ఇరవై నాలుగు, చేతిలో సమీకరణాలు ఇరవై నాలుగు. సరిపోయిందనుకున్నారా? వీధి గుండ్రం కదా, చివరి కొలత మిగతావి చెప్పిందే మళ్లీ చెబుతుంది. నేను మా తమ్ముడి కంటే మూడేళ్లు పెద్ద, వాడు మా చెల్లి కంటే రెండేళ్లు పెద్ద. ఇప్పుడు నా వయసెంతో చెప్పండి చూద్దాం. ఎవరో ఒకరి వయసు చెబితేనే కదా! అలా ఒకటి తక్కువైన లెక్కను సింగ్యులర్ అంటారట.

"ఏదన్న ఒక ఇంటికి సున్నా పెట్టుకుందాం సార్. మిగతాయన్ని దాన్నించి వస్తయి" అన్నాడు నగేశ్ మీటింగ్‌లో.

మీటింగ్ చల్లబడిపోయింది. పక్కవాడి కంటే ఒక్క మెట్టయినా ఎత్తుండాలని లారీల కొద్దీ మొరం పోయించి పునాదులు లేపిన కాలనీ మాది. సున్నా ఎవరికి పెడతారు?

"మా ఇంటికి సున్నా ఏంటండీ? రేపు కొనడానికి ఎవరైనా వస్తే ఏం చెప్పుకోవాలి?" అంది సూర్యప్రభ మేడం. గుంటూరు వదిలి ఇరవై ఏళ్లయినా ఆవిడ మాటలో 'అండీ' అరగలేదు.

"నా ఇంటికి సున్నా పెడితె ప్రెసిడెంట్‌గ నా ఇజ్జత్ ఏముంటది?" అన్నాడు జంగయ్య. ఆర్టీసీలో రిటైరై మా సంఘానికి ప్రెసిడెంటయ్యాడు.

నా వంతు వచ్చింది. మాది నైరుతి మూల ఇల్లు. నైరుతి పల్లమని కాగితం మీద పడితే ఇంటి యజమానికి మంచిది కాదని విన్నవించాను.

తలుపు దగ్గర నిలబడ్డ అండాలమ్మ అంది: "నా గిర్నికి పెట్టుండ్రి సారూ సున్నా. నాకేం పరేషాన్ లేదు."

"నువ్వు కిరాయికున్నవు కదమ్మా. నీ మాట మినిట్స్ బుక్కుల ఎట్ల రాస్తం?" అన్నాడు జంగయ్య.

నియమం నియమమే. మా మీటింగులకు కిరాయిదార్లు రావచ్చు. నోరు మాత్రం చాయ్ తాగడానికే తెరవాలి.

సున్నా లేకుండానే లెక్క కంప్యూటర్‌లోకి వెళ్లింది. తెర మీద నారింజ రంగులో ఒక వాక్యం మెరిసింది. ఇది సింగ్యులర్ లెక్కలా ఉంది, జవాబు తప్పు కావచ్చు అని. ఇదేమిటని అడిగాను.

"ఎరుపైతె ఎర్రర్ సార్, పని ఆగుతది. గిది ఆరెంజే. ఉత్త వార్నింగ్. ఆఫ్ చెయ్యొచ్చు" అన్నాడు నగేశ్. ఆఫ్ చేశాడు.

తప్పేముంది? ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నారింజ లైటు పడితే మీరు బ్రేకు తొక్కుతారా, యాక్సిలరేటరా?

జవాబు వచ్చింది. మా మొదటి ఇంటి ఎత్తు ఏడు వేల లక్షల కోట్ల మీటర్లు! సూర్యుడు మాకు సెల్లార్‌లో ఉంటాడన్నమాట. అంత పెద్ద అంకెలో జానలకూ బెత్తెలకూ చోటుండదు కాబట్టి రెండో ఇంటిదీ అదే ఎత్తు. ఇరవై నాలుగిళ్లదీ అదే ఎత్తు. నగేశ్ ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి 'తేడా లేదు, కాలనీ సమతలం' అని రిపోర్టు రాశాడు. ఎవరూ ఎవరికంటే పల్లం కాదు. జంగయ్య చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. సమతలం కదా, పైపు వీధంతా నేలకు మూడడుగుల లోతున వేసి పూడ్చేశాం.

జూలైలో ఒక మధ్యాహ్నం గంటసేపు వాన పడింది. నీళ్లు మా రిపోర్టు చదవలేదు. ఇరవై మూడిళ్ల నీళ్లూ కొత్త పైపులో చకచకా నడిచి, పదిహేడో నంబరు దగ్గర ఆగి, మ్యాన్‌హోల్ మూత ఎత్తుకుని పైకి లేచాయి.

మేం వెళ్లేసరికి మోటారు మునిగి తేలింది. గోడ మీద బురద గీత. జనం ఇచ్చిపోయిన పిండి డబ్బాల మీద పేర్లు రాసే చాక్‌పీసుతో అండాలమ్మ ఆ గీత పక్కన సున్నా చుట్టింది.

"గిదే రాస్కో నగేశూ. నీళ్లే కొలిచి పోయినయి."

సాఫ్ట్‌వేర్‌ను నేను ఇప్పటికీ తప్పుపట్టను. అది ఒకసారి చెప్పి చూసింది. అండాలమ్మ కూడా ఒకసారి చెప్పి చూసింది. ఇద్దరినీ ఆఫ్ చేసింది మేమే.

నగేశ్ వార్నింగ్ ఆన్ చేసి, ఆ సున్నా పెట్టి మళ్లీ లెక్క చేశాడు. ఈసారి నారింజ రంగు రాలేదు. పైపు తవ్వి తీయడానికి మీటింగ్ పెట్టాం. అండాలమ్మకు చాయ్ కూడా ఇచ్చాం. ఆ సున్నాను మినిట్స్ బుక్కులో ఎక్కించాం, షట్టర్ ఓనర్ పేరు మీద.