వేడెక్కిన ముత్తాత

ఆ శుక్రవారం మజహర్ పెట్టుకున్న పని ఒక్కటే: ఇంట్లోవాళ్ళను చుట్టాలింటికి సాగనంపి, భోజనాల వేళలోగా నిప్పులు కక్కే రెక్కలపామును ఒకదాన్ని చంపడం.

మజహర్ అమ్మాన్‌లో నీటి సరఫరా కార్యాలయంలో బిల్లుల తగాదాలు తీరుస్తాడు. కొండవాలు మీద ఇల్లు, వంటింటిని ఆనుకుని అద్దాలు బిగించిన బాల్కనీ, అందులో పెద్ద కంప్యూటరు. వేసవిలో అది కొన్నప్పుడు "ఇంత పెద్దది దేనికండీ?" అని భార్య రగీదా అడిగింది. "మన వంశచరిత్ర రాద్దామని" అన్నాడు. ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికే తెలియదు. తలుపు వేసుకుని కూర్చోవాలంటే మనిషి ఏదో గొప్ప కారణం చూపించాలి. ఊరికే ఒంటరిగా ఉండాలనిపిస్తోందంటే ఎవరూ ఒప్పుకోరు. అందరికన్నా ముందు మజహరే ఒప్పుకోడు.

అప్పటినుంచి ఆ తలుపు వెనక అతను గుర్రమెక్కి మంచుకొండల్లో తిరుగుతున్నాడు. ఆ కంప్యూటరు ఆట సామాన్యమైనది కాదు. ప్రతి రాయికీ నీడ పడుతుంది, గుర్రం జూలులో ఒక్కో వెంట్రుకా విడిగా ఎగురుతుంది. ఆ బరువు మోయలేక కంప్యూటరు ఫ్యాన్లు విమానం లేస్తున్నట్టు రొద పెట్టేవి. తలుపు ఇవతల రగీదాకు అది మేధస్సు చేసే చప్పుడు. "ఇవాళ ముత్తాత దియాబ్ అధ్యాయంలో ఉన్నట్టున్నారు. మిషను సెగలు కక్కుతోంది" అని ఆడపడుచులకు ఫోన్లో గర్వంగా చెప్పుకునేది.

ఆ రొద భరించలేక చలికాలం మొదట్లో మజహర్ కంప్యూటరు పెట్టెను పరదా వెనక్కి, వంటింటి కిటికీ గట్టు మీదకు జరిపాడు. ఇక్కడే అతని తల్లి వస్ఫియా రంగంలోకి దిగింది. అమ్మాన్ చలికి ఆవిడ తోడుపెట్టిన పాలు పాలలాగే ఉండిపోతున్నాయి. గ్యాసు హీటరు దగ్గర పెడదామంటే సిలిండరు మంచినీళ్ళలా ఖర్చవుతోంది. అలాంటప్పుడు వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే చాలు, పైన జాలీ ఉన్న వెచ్చటి పెట్టె అందుతోంది. ఆవిడ పెరుగు గిన్నెను ఉన్ని శాలువలో చుట్టి దాని మీద పెట్టింది. కళ్ళకు పరదా అడ్డం, చెవులకు హెడ్‌ఫోన్లు. కొడుకుకు తెలియలేదు.

పెరుగు బ్రహ్మాండంగా తోడుకుంది. గుర్రం కుంటడం మొదలుపెట్టింది.

ఊపిరాడని పెట్టె ఉడికిపోతుంటే గుర్రం అడుగు వేసి ఆగేది, ఆగి మళ్ళీ అడుగు వేసేది. మజహర్ ఆటలో నీడలు తగ్గించాడు. పెట్టె చల్లబడింది, పెరుగు తోడుకోలేదు. తల్లి ఇంకో శాలువ చుట్టింది. గుర్రం మళ్ళీ కుంటింది. కొడుకు మంచు తగ్గించాడు. తల్లి పాత దుప్పటి వెతికి తెచ్చింది. ఇలా ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా తల్లీకొడుకులు వారాల తరబడి పోరాడారు. లోపం ఆటలో ఉందో, మిషనులో ఉందో, తనలోనే ఉందో మజహర్‌కు అంతుబట్టలేదు. చివరకు తనలోనే ఉందనుకున్నాడు. అది అతనికి చిన్నప్పటినుంచీ అలవాటు.

"మీరు రారా?" గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అడిగింది రగీదా.

"ఆఖరి అధ్యాయం."

"మా వదినకేం చెప్పమంటారు?"

"రాస్తున్నారని చెప్పు."

"ఆర్నెల్లుగా అదే చెప్తున్నా. ఏదో జబ్బనుకుంటోంది ఆవిడ."

మజహర్ తలుపు వేసుకున్నాడు. ఆఖరి యుద్ధం కాబట్టి తగ్గించిన నీడలన్నీ మళ్ళీ పూర్తిగా పెట్టాడు. వస్ఫియా కూడా ప్రయాణం కాబట్టి గిన్నెకు శాలువలూ దుప్పటీ అన్నీ కలిపి చుట్టి వచ్చింది. ఆడవాళ్ళు ఇంకా తాళంచెవి వెతుక్కుంటుండగానే ఉన్ని కమిలిన వాసన వచ్చింది. కంప్యూటరు తెర నల్లబడింది.

"పోయింది! అంతా పోయింది!" అని బాల్కనీలోంచి కేక.

రగీదా పరుగెత్తుకొచ్చేసరికి భర్త తల పట్టుకుని కూర్చున్నాడు. "పుస్తకమా?" అంది గుండె మీద చెయ్యి వేసుకుని. నిజం చెప్పడానికి అదే సమయం. మజహర్ తలూపాడు. నిజం చెప్పడం కన్నా బాధపడటం తేలిక. పైగా ఆ బాధలో అబద్ధమేమీ లేదు.

రగీదా ఫోన్లు చేసింది. శుక్రవారం నమాజు కాగానే మజహర్ పెదనాన్న అబూ రాతిబ్ కొడుకులతో సహా వచ్చి ముందుగదిలో గోడవారగా కూర్చున్నాడు. "దేవుడు నీకు ఓర్పునివ్వాలి, నాయనా" అన్నాడు. ఇంట్లో ఇంతమంది మౌనంగా కూర్చుంటే ఏం చేయాలో వస్ఫియా చేతులకు తెలుసు. చావింట్లో ఇచ్చే చక్కెర లేని చేదు కాఫీ కాచింది. ఆ వాసన మెట్లమీదకు పాకింది. గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూసి కింది వాటావాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చారు. పై వాటావాళ్ళు పళ్ళెం నిండా మాంసం, అన్నం పంపించారు.

"ఎంత వయసండీ?" అని కుర్చీలు తెచ్చినాయన గొంతు తగ్గించి అడిగాడు.

"ఆర్నెల్లు" అన్నాడు అబూ రాతిబ్.

"అయ్యో! పసిప్రాణం!" అని ఆయన కళ్ళు తుడుచుకుంటూ మజహర్‌ను కావలించుకున్నాడు.

విచిత్రంగా మజహర్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. తన పక్కన ఇంతమంది ఇంతసేపు ఏమీ అడక్కుండా కూర్చోవడం అతనికి జీవితంలో ఇదే మొదలు. ఇది ఇలాగే ముగిసిపోతే బాగుండుననుకున్నాడు.

ముగియలేదు. రగీదా తమ్ముడు నౌఫల్ స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు.

"ఊరుకో బావా. రాసిందెక్కడికీ పోదు, లోపలే ఉంటుంది. నేను తీస్తాగా."

"వద్దు నౌఫల్. పోయినదాన్ని కెలక్కు."

"అదేం మాట!" అబూ రాతిబ్ చేతికర్ర నేలకేసి కొట్టాడు. "మా తాత అందులో ఉన్నాడురా!"

నౌఫల్ బాల్కనీలోకి వెళ్ళి పరదా పక్కకు జరిపాడు. దుప్పటి విప్పాడు, శాలువ విప్పాడు, ఇంకో శాలువ విప్పాడు. "ఇదెవరిది?" అని అరిచాడు.

"మెల్లగా దించు నాయనా" వస్ఫియా వంటింట్లోంచి అంది. "కదిలిస్తే విరుగుతుంది."

గాలి తగలగానే పెట్టె తేరుకుంది. అందరూ చదువుకునేలా నౌఫల్ దాన్ని ముందుగదిలో టీవీకి తగిలించాడు. మజహర్ నేల వైపు చూస్తూ, ఇక ఈ ఊళ్ళో ఎలా తలెత్తుకోవాలా అని ఆలోచిస్తున్నాడు.

టీవీ నిండా మంచుకొండలు, వాటి పైన రెక్కలపాము. గుర్రం మీద ఇనప కవచం తొడుక్కున్న మనిషి. అతని తలమీద బంగారు అక్షరాల్లో పేరు: దియాబ్. మొదటిరోజు ఆటలో రౌతుకు పేరు పెట్టమన్నప్పుడు, భార్యకు చెప్పిన అబద్ధం ఇంకా నాలుక మీదే ఉండటంతో, మజహర్ ముత్తాత పేరే కొట్టాడు.

అబూ రాతిబ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మరి రాత ఏదిరా?"

గుమ్మంలో నిలబడ్డ రగీదా టీవీ వైపు చూసింది. తర్వాత భర్త వైపు, టీవీ కన్నా ఎక్కువసేపు చూసింది.

"ఈ రోజుల్లో చరిత్రలు ఇలాగే వస్తున్నాయి, మావయ్యగారూ" అంది. "బొమ్మల్లో."

"ఆ రెక్కలదేమిటి మరి?"

"తుర్కులు మనల్ని ఏలిన కాలంనాటి పన్నుల అధికారి, పెదనాన్నా" అన్నాడు మజహర్ నీరసంగా. "పోలికగా పెట్టా."

పెద్దాయన చాలాసేపు పరిశీలించాడు. "అచ్చం వాడే! మా నాన్న చెప్పినట్టే ఉన్నాడు. మరి చూస్తావేంరా? తాత చలిలో నిలబడ్డాడు, కానియ్!"

మజహర్ కానిచ్చాడు. గోడవార కూర్చున్నవాళ్ళంతా నేలమీదకు దిగి అతని చుట్టూ మూగారు. "ఎడమకు!" "వెనక్కి రానివ్వకు, మన తాత వెనకడుగు వెయ్యలేదు!" వెనకడుగు వెయ్యకపోవడంతో తాత వెంటనే చచ్చిపోయాడు.

"ఇది చరిత్రలో లేదు" అన్నాడు అబూ రాతిబ్. "మళ్ళీ రాయి."

పొద్దుగుంకే వేళకు పన్నుల అధికారి నేలకొరిగాడు. కుర్చీలాయన పసిపిల్లాడి సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టాడు. వస్ఫియా పాకం లాంటి టీ తెచ్చి ఇచ్చింది. వెళ్ళేటప్పుడు అబూ రాతిబ్ మజహర్ నుదురు ముద్దుపెట్టుకుని, "దీన్నిక్కడినుంచి కదల్చకు. ఇకనుంచి ప్రతి శుక్రవారం వస్తాం. మన వంశంలో అవతలి శాఖ వాళ్ళనూ తీసుకొస్తా, కుళ్ళుకు చావనీ" అన్నాడు.

అందరూ వెళ్ళాక మజహర్ ఖాళీ బాల్కనీలో నిలబడ్డాడు. పరువు దక్కింది, గది పోయింది. వెనక రగీదా వచ్చింది.

"ఇది ఇక ఖాళీయేగా?"

"ఆఁ."

"అయితే నాకు కావాలి. మా పుట్టింటి చరిత్ర రాద్దామనుకుంటున్నా."

తలుపు గడియ లోపలినుంచి సరిగ్గా పడాలంటే కాస్త పైకెత్తి వెయ్యాలని మాత్రం మజహర్ చెప్పాడు.