ఆరో తరగతికి వచ్చిన రాజుగారు

శుక్రవారం పొద్దున పంకజం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు మొదలుపెట్టాలి, ముప్పావు గంటలో ముగించాలి, పన్నెండు కొట్టేలోగా ఒక్క సంతకం సంపాదించాలి.

ఆమె వాషర్‌మెన్‌పేటలోని ఒక బడిలో తెలుగు టీచరు. ఆరో తరగతిలో తెలుగు తీసుకునే పిల్లలు పదిమందికి తగ్గితే ఆ క్లాసు ఎత్తేసి, పంకజాన్ని లైబ్రరీలో దుమ్ము దులపడానికి వేస్తామని కరస్పాండెంట్ మణిమారన్ గారు తమిళంలో తేల్చి చెప్పారు. బడి పెట్టింది ఆయన తండ్రి, నడిపేది ఆయన. ఆ మాటకు ఇక అప్పీలు లేదు. గడువు శుక్రవారం పన్నెండు. ఇంటి పెద్దలు సంతకం పెట్టిన ఫారాలు పంకజం చేతిలో తొమ్మిది ఉన్నాయి. ఆ తొమ్మిదింటి కోసం ఆమె ఎక్కని మేడ లేదు, తాగని కాఫీ లేదు. ఇంట్లో శుభ్రంగా తెలుగు మాట్లాడేవాళ్ళే, "ఇంట్లో మాట్లాడ్తా ఉండాము గదా టీచర్, ఇంక బళ్ళో ఏంటికి?" అని గుమ్మంలోంచే పంపించేసేవారు.

అందుకే తండయార్‌పేటలో కూతురి దగ్గర ఉంటున్న జానకీదేవిగారిని పిలిచింది. నెల్లూరు వైపు నలభై ఏళ్ళు పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టిన మనిషి ఆమె. పిల్లలు ప్రశ్నలడుగుతారు, పెద్దావిడ జవాబులు చెబుతుంది, వెనక బెంచీల్లో కూర్చున్న తల్లుల్లో ఒక్కరి మనసు కరిగినా చాలు.

ఏదీ అడ్డం తిరగకూడదని ప్రశ్నలు పంకజమే రాసింది. అంతటితో ఆగినా బాగుండేది. పెద్దావిడ తడుముకుంటుందేమోనని జవాబులు కూడా రాసి, వారం ముందే పంపింది. నాటకాల మనిషి చేతికి ప్రశ్నా జవాబూ రాసిన కాగితం ఇస్తే ఆమె దాన్ని ఏమనుకుంటుందో మాత్రం ఆలోచించలేదు.

పదకొండుకు పది నిమిషాలుందనగా వాచ్‌మన్ కన్నియప్పన్ పరుగెత్తుకొచ్చాడు.

"టీచరమ్మా, గేటు కాడ రాజు ఉండాడు."

"ఏ రాజు?"

"తెలీదమ్మా. కిరీటం ఆటోలో ఇరుక్కునింది. దిగలేక తిడతా ఉండాడు. గొంతు మాత్రం ఆడమనిషిది."

పంకజం వెళ్ళి చూస్తే కన్నియప్పన్ చెప్పిందాంట్లో అబద్ధం లేదు. పట్టు అంగీ, భుజకీర్తులు, చెవుల దాకా మెలితిప్పిన మీసం. వెనకాల హార్మోనియం మోసుకుంటూ శక్తివేల్ అనే ముసలాయన.

"ఇదేందమ్మా, మాట్లాడ్డానికి వేషమెందుకు?" అంది పంకజం నీరసంగా.

"నువ్వే గదమ్మా నా మాటలన్నీ రాసి పోర్షన్ పంపినావు. పోర్షన్ ఉంటే వేషం ఉండాల్సిందే. మామూలు చీరలో వచ్చి ఒప్పజెప్పేదానికి నేనేమన్నా నీ స్టూడెంటునా?"

హాల్లో పిల్లలు రాజుగారిని చూసి ఈలలు వేశారు. ముందు వరసలో మణిమారన్ గారు గడియారం చూసుకున్నారు. కార్తీ అనే పిల్లవాడు మైకు అందుకుని, బట్టీ పట్టింది సగం మరిచి, "మేడమ్, మీరు ఎన్నేళ్ళకి స్టేజీ ఎక్కినారు?" అని అడిగాడు.

జానకీదేవి మాట్లాడలేదు. తల ఎత్తి, ఒక కాలు ముందుకు వేసి, దూరంగా ఫ్యాను వైపు చూస్తూ నిలబడింది. కార్తీ మళ్ళీ అడిగాడు. రాజుగారు కదల్లేదు. తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పక్కనే తెర చాటున నిలబడ్డ పంకజానికి అప్పుడు వెలిగింది. కాగితంలో ఆ ప్రశ్న "ఎన్నో యేట రంగస్థలం మీద అడుగుపెట్టారు" అని ముగుస్తుంది. ఎదుటి పాత్ర ఆఖరి మాట సరిగ్గా పడితే గానీ నోరు తెరిచే అలవాటు ఆ పెద్దావిడకు లేదు.

"అడుగుపెట్టారు" అని పంకజం తెర వెనకనుంచి గొణిగింది.

"పన్నెండో యేట" అని రాజుగారు ఒక్కసారిగా గర్జించేసరికి కార్తీ మైకు కింద పడేశాడు.

అది మొదలు పిల్లలు నోటికొచ్చినట్టు అడగడం, పంకజం తెర చాటునుంచి ఆఖరి మాట అందించడం, రాజుగారు గర్జించడం. రెండో జవాబు పక్కన పంకజం సరదాగా 'చిరునవ్వుతో' అని రాసి ఉంది. రాజు వేషంలో చిరునవ్వు ఉండదు కాబట్టి జానకీదేవి అర నిమిషం పాటు అట్టహాసం చేసింది. వెనక బెంచీలో ఒక చంటిది ఏడుపు అందుకుంది. దాన్ని ఎత్తుకుని ఒక తల్లి వెళ్ళిపోయింది. ఆ తల్లి మీదే పంకజం ఆశంతా పెట్టుకుంది.

మూడో జవాబు చివర 'ఒక పద్యం పాడి వినిపిస్తాను' అని ఉంది. నాలుగు పాదాల పద్యం ఒక్క నిమిషం అనుకుంది పంకజం. ఆఖరి పాదం మీద రాగం ఎత్తుకుని రాజుగారు ఏడు నిమిషాలు దిగలేదు. దిగాక శక్తివేల్ హార్మోనియం మీదనుంచే పిల్లలకు జ్ఞానోపదేశం చేశాడు.

"బాగుంటే వన్స్ మోర్ అనాలరా. అంటే మళ్ళీ పాడాల్సిందే. అది స్టేజి మర్యాద."

"ఎన్నిసార్లయినా అనొచ్చా తాతా?" అని మూడో వరసలోంచి యువరాజ్ అడిగాడు.

"ఎన్నిసార్లయినా."

తర్వాతి పీరియడు లెక్కల పరీక్ష. యువరాజ్ వెనక్కి తిరిగి నాలుగు బెంచీలకు కబురు అందించాడు. నూట ఇరవైమంది ఒక్క గొంతుతో వన్స్ మోర్ అన్నారు. నలభై ఏళ్ళలో ఇంత రసికులైన జనం దొరకలేదని జానకీదేవి కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకుంది. మూడోసారి, నాలుగోసారి. లెక్కల టీచరు ప్రశ్నపత్రాల కట్టతో వచ్చి, గుమ్మంలో నిలబడి, పళ్ళు నూరి వెళ్ళిపోయింది.

పన్నెండుకు పది నిమిషాలుంది. పంకజం తెర అంచు పట్టుకుని గుసగుసగా బతిమాలింది.

"అమ్మా, టైమైపోయింది. కరస్పాండెంటు కుతకుతలాడతా ఉండాడు. నా కొంప మునిగింది."

తెర వెనకనుంచి ఏ మాట అందినా దాన్ని జనానికి చేర్చడమే నటుల ధర్మం. జానకీదేవి కత్తి మీద చెయ్యి వేసి, మూడు దిక్కులూ కలయజూసి, "టైమైపోయింది. కరస్పాండెంటు కుతకుతలాడతా ఉండాడు. నా కొంప మునిగింది" అని రాగయుక్తంగా ప్రకటించింది.

మణిమారన్ గారి ముఖం కందగడ్డ అయింది. ఒక్క ముక్క తెలుగు రానట్టుండే మనిషికి అది ఎలా అర్థమైందని ఆ క్షణాన ఎవరికీ తోచలేదు. ఆయన చరచరా స్టేజీ ఎక్కి, "పోదుమ్మా, నిరుత్తుంగ" అని తమిళంలో ఆపమన్నారు. రాజుగారు ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డారు. ఆయన మళ్ళీ అన్నారు. ఫలితం లేదు. మూడోసారికి జానకీదేవి జాలిపడి, గొంతు తగ్గించి చెప్పింది.

"నీ మాట తప్పినావు నాయనా. కాగితంలో ఇది లేదు. పక్కకు పోయి, మళ్ళీ వచ్చి సరిగ్గా చెప్పు."

మణిమారన్ గారిలో ఏదో తెగింది.

"ఏందమ్మే నీతో రచ్చ? అప్పట్నుంచి చూస్తా ఉండా. చెప్తే అర్థం గాదా నీకు? దిగు ఈడ్నుంచి. మా అత్త గూడా ఇంత మొండిది గాదు."

స్టేజీ మీది మైకు ఆన్‌లోనే ఉంది. ఆయన నోటి తెలుగు వెనక బెంచీల దాకా వినిపించింది.

"బాగుండాది. ఇప్పుడు తడబడకుండా చెప్పినావు" అని మెచ్చుకుని రాజుగారు మెట్లు దిగిపోయారు.

రెండో వరసలోంచి చాందిని లేచి నిలబడింది. కరస్పాండెంటుగారి మనవరాలు, చదివేది ఆరో తరగతే. మనం తెలుగువాళ్ళమా తాతా అని తమిళంలో అడిగింది.

ఆయన మైకు ఆపబోయి, ఎక్కడ నొక్కాలో తెలియక వదిలేశారు. "నువ్వు పుట్టక ముందు, మీ అవ్వ ఉన్నెన్నాళ్ళు ఇంట్లో ఇదే మాట. ఆమె పోయినాక ఎవురితో మాట్లాడేది?"

పంకజం గడియారం చూసింది. నాలుగు నిమిషాలుంది. పరుగున వచ్చి పదో ఫారమూ పెన్నూ ఆయన ముందు పెట్టింది.

"ఏం రాసుండాది దీంట్లో?"

"చదువుకోండి సార్, తెలుగులోనే ఉంది."

"మాట్లాడ్తా గానీ, చదవను, రాయను. మా నాయనకూ రాదు." ఆయన మనవరాలిని ఒకసారి చూసి, తమిళంలో సంతకం గీకి, పెన్ను మూత పెట్టారు. "సోమవారం నుంచి నేనూ వచ్చి దీని పక్కన కూర్చుంటా. నాక్కూడా నేర్పీ టీచర్."

పంకజం పది ఫారాలూ గుండెకు హత్తుకుని సరేనని తలూపింది. తప్పు రాసిన కరస్పాండెంటును బెంచీ ఎక్కించవచ్చో లేదో ఆమె చదివిన బి.ఇడి.లో ఎక్కడా రాసి లేదు.